డాబా మీద టవర్ వేయాలా, వద్దా? హామ్‌లు తేల్చుకునే పద్ధతి

సరదా కోసం సొంత రేడియో స్టేషన్ పెట్టుకుని లోకంతో మాట్లాడే హామ్‌లకు, ఆ హామ్ రేడియో లైసెన్సు వచ్చిన ఏడాదికల్లా ఒక జబ్బు పట్టుకుంటుంది. రోడ్డు మీద నడుస్తుంటే చూపు ముందు ఉండదు, సెల్ టవర్ల మీదికీ వాటర్ ట్యాంకుల మీదికీ పోతుంటుంది. "మన యాంటెన్నా అంత ఎత్తున ఉంటేనా..." అనుకుంటూ ఇంటికి వస్తాం. విశాఖలో మా డాబా మీద నేనూ ఒకటి నిలబెట్టాను, దాన్ని పోగొట్టుకున్నాను, తర్వాత వేరే రకంగా ఇంకొకటి వేసుకున్నాను. ఎక్కువ నేర్పింది మాత్రం ఆ పోగొట్టుకోవడమే.

టవర్ ఎలా కట్టాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. కట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెబుతాను. వరస ముఖ్యం. చాలామంది ముందు వెల్డింగు షాపుకు వెళ్తారు, చివర్లో పక్కింటాయనతో మాట్లాడతారు. నేనూ అలాగే చేశాను.

1. నెల రోజులు నోటుబుక్కు రాయండి

మామూలు లాగ్‌బుక్కు కాదు, ఇది వేరే పుస్తకం. మాట్లాడగలిగినవి కాదు, మాట్లాడలేకపోయినవి రాయండి. తేదీ, సమయం, బ్యాండు, ఎవరిని పిలిచారు, ఏమైంది. "విన్నాను, పిలిచాను, పలకలేదు" ఒక రకం. "నాకు అసలు వినపడలేదు, ఊళ్లో ఇంకో హామ్‌కి వినపడింది" ఇంకో రకం. ఈ రెండూ వేరు వేరు రోగాలు, మందులూ వేరు. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న చిన్న సందేశాలు పంపే పద్ధతి) వాడేవాళ్లు, తమ సిగ్నల్ ఎక్కడెక్కడ వినపడిందో ఇంటర్నెట్‌లో చూపే పీఎస్‌కే రిపోర్టర్ మ్యాపు కూడా రోజూ ఒకసారి చూసి, మీ సిగ్నల్ ఎంత దూరం పోతోందో రాసుకోండి.

నెలాఖరుకి ఆ పుస్తకం తిరగేస్తే మీకు నిజంగా ఏం కావాలో తెలుస్తుంది. కొందరికి అక్కడే తేలిపోతుంది. ఉదయం పూట 40 మీటర్ల బ్యాండులో (బ్యాండుకు ఆ పేరు తరంగం పొడవును బట్టి వచ్చింది) విజయవాడ, హైదరాబాద్, బెంగళూరు మిత్రులతో కబుర్లు చెప్పుకోవడమే మీ సరదా అయితే మీకు టవర్ అక్కర్లేదు. ఆ దూరాలకు సిగ్నల్ బాగా నిటారు కోణంలో పైకి వెళ్లి, రేడియో తరంగాలను కిందికి తిప్పే అయనావరణాన్ని తాకి, గొడుగులా కిందికి దిగాలి. 8-10 మీటర్ల ఎత్తున కట్టిన తీగ ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది. దాన్ని 20 మీటర్లకు ఎత్తితే సిగ్నల్ అడ్డంగా దూరదేశాలకు పోతుంది, పక్క జిల్లాకు బలహీనపడుతుంది. డబ్బు పెట్టి మరీ పక్కవాళ్లకు దూరమవుతారన్నమాట.

2. ఎత్తుకు లెక్క వేయండి

టవర్ విషయంలో అందరూ మాట్లాడేదీ, దాదాపు ఎవరూ లెక్క వేయనిదీ ఇదే. కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఎత్తును మీటర్లలో కాదు, తరంగదైర్ఘ్యాల్లో కొలవాలి. 14 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 20 మీటర్ల బ్యాండులో, తరంగదైర్ఘ్యం సుమారు 21 మీటర్లు. నేలకు సమాంతరంగా కట్టిన యాంటెన్నా సగం తరంగదైర్ఘ్యం ఎత్తున, అంటే పదిన్నర మీటర్ల దగ్గర, దాని ప్రధాన కిరణం దిగంతం నుంచి సుమారు 30 డిగ్రీల పైకి చూస్తుంది. పూర్తి తరంగదైర్ఘ్యం ఎత్తుకు వెళ్తే దాదాపు 14-15 డిగ్రీలకు వంగుతుంది. దూరదేశాలకు కావాల్సినవి ఈ తక్కువ కోణాలే.

ఇప్పుడు అసలు సంగతి. చదునైన నేల అనుకుని, 10 డిగ్రీల కోణంలో 20 మీటర్ల బ్యాండులో ఎంత లాభం వస్తుందో లెక్క కడితే ఇలా తేలుతుంది. యాంటెన్నాను 5 మీటర్ల నుంచి పదిన్నరకు లేపితే దాదాపు 6 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలంలో తేడాకు కొలత) కలిసొస్తుంది. పదిన్నర నుంచి 21కి లేపితే ఇంకో నాలుగున్నర డీబీ. 21 నుంచి 31కి లేపితే? ఒక్క డీబీ. 6 డీబీ అంటే సెట్టులో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మీద ఒక గీత, 100 వాట్ల సెట్టు 400 వాట్లు అయినంత. ఒక డీబీ అంటే చెవికి తెలిసీ తెలియనంత.

అంటే మొదటి పది మీటర్లే బంగారం. ఆ పైన ప్రతి మీటరుకూ ఖర్చు పెరుగుతుంది, లాభం తరుగుతుంది. పైగా రెండంతస్తుల ఇల్లు అప్పటికే మీకు ఏడు మీటర్ల దాకా ఎత్తు ఇచ్చేసింది. దూరాలకు పోయే సిగ్నల్ విషయంలో లెక్కకు వచ్చేది స్లాబు నుంచి కాదు, చుట్టుపక్కల నేల నుంచి ఉన్న ఎత్తు. డాబా మీద ఒక ఇరవై అడుగుల పైపు నిలబెడితే నేల నుంచి 13 మీటర్లు. 20 మీటర్ల బ్యాండుకు అది సగం తరంగదైర్ఘ్యం దాటినట్టే. 10 మీటర్ల బ్యాండుకైతే పూర్తి తరంగదైర్ఘ్యం కంటే ఎక్కువ. ఆ పైపును చాలామంది టవర్ అనరు. పని మాత్రం చేస్తుంది.

40 మీటర్ల బ్యాండులో దూరదేశాలు కావాలంటే సగం తరంగదైర్ఘ్యమే 21 మీటర్లు. నిజంగా టవర్ అడిగే కోరిక ఇదొకటి.

వీహెచ్‌ఎఫ్ (ఇంకా పొట్టి తరంగాల బ్యాండులు) లెక్క వేరు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు కంటిచూపు దూరమే. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 9 మీటర్లకు 12 కిలోమీటర్లు, 36 మీటర్లకు 25. ఎత్తు నాలుగు రెట్లు చేస్తే దూరం రెండు రెట్లే అయింది. మధ్యలో కొండ ఉంటే ఈ లెక్కా పనిచేయదు. సింహాచలం కొండ వెనక ఉన్న ఊరితో మాట్లాడాలని సముద్రం వైపు ఇంటి మీద టవర్ వేసి ఏం లాభం? సిగ్నల్ అందుకుని మళ్లీ ప్రసారం చేసే రిపీటర్ కొండ మీద ఎక్కడుందో వెతుక్కోవడమే.

దిక్కు సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. మన ఇళ్లలో సగం మందికి అమెరికాలో ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి అటు యాంటెన్నా తిప్పాలని ఉంటుంది. గోడ మీది మ్యాపు చూసి పడమరకు తిప్పేస్తారు. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి దగ్గరి దారి సుమారు 337 డిగ్రీలు, కాలిఫోర్నియాకు సుమారు 19 డిగ్రీలు. అంటే రెండూ దాదాపు ఉత్తరమే, ధ్రువం పక్కనుంచి. మీ డాబాకు ఉత్తరాన ఏముందో వెళ్లి చూడండి. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే ఆరు మీటర్ల పైపు దాన్ని దాటదు. ఖాళీ పొలమో చెరువో ఉంటే మీరు అదృష్టవంతులు.

3. కరెంటు పోయినప్పుడు రేడియో పెట్టండి

ఈ పరీక్ష ఉచితం. సెట్టును బ్యాటరీకి తగిలించి సిద్ధంగా ఉంచుకోండి. వీధి మొత్తం కరెంటు పోయిన రోజున, ఇన్వర్టర్ కూడా ఆపేసి, రాత్రి 40, 20 మీటర్ల బ్యాండుల్లో హోరు ఎంత ఉందో ఎస్-మీటరు మీద చూడండి. కరెంటు వచ్చాక మళ్లీ చూడండి.

మా వీధిలో కరెంటు ఉన్నప్పుడు ఎస్7, పోయినప్పుడు ఎస్2. ఆ అయిదు గీతలు ఎల్‌ఈడీ బల్బులవి, చార్జర్లవి, ఎవరింట్లోనో సోలార్ పెట్టెవి. మొదటిసారి ఆ నిశ్శబ్దం విన్నప్పుడు సెట్టు పాడైందేమో అనుకున్నాను. తర్వాత ఆ నిశ్శబ్దంలోంచి ఎక్కడిదో మోర్స్ సన్నగా తేలుతూ వచ్చింది. నా యాంటెన్నా బాగానే ఉందని ఆ రోజు తెలిసింది.

మీదీ ఇదే పరిస్థితి అయితే టవర్ వేశాక మీరు ప్రపంచానికంతా వినపడతారు, మీకు మాత్రం ఎవరూ వినపడరు. నోరు పెద్దది, చెవులు చిన్నవి అయిపోతాయి. ముందు ఇంట్లో ఒక్కో స్విచ్చూ ఆపుతూ దొంగను పట్టుకోండి. మొదటి నోటుబుక్కులో రెండో రకం ఫిర్యాదులు ఎక్కువున్నవాళ్లకు మందు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

4. కేబుల్ చూసుకోండి

త్వరగా చెప్పేస్తాను. 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్‌లో 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6 డీబీ పోతుంది, అంటే మీరు పంపిన పవర్‌లో పావు వంతే యాంటెన్నాకు చేరుతుంది. టవర్ ఎత్తు పెరిగితే కేబుల్ పొడవూ పెరుగుతుంది. ఎత్తుతో సంపాదించింది కేబుల్ తినేస్తుంది. ముందు మంచి లావు కేబుల్, నీళ్లు దిగని కనెక్టర్లు వేసి ఒక వారం చూడండి. అక్కడితోనే తృప్తి పడ్డవాళ్లు నాకు తెలుసు.

5. సరుగుడు గడతో అబద్ధపు టవర్ కట్టండి

షామియానా వాళ్ల దగ్గరో, కలప అడితీలోనో పొడవాటి సరుగుడు గడలు దొరుకుతాయి. మంచి పొడవున్నవి రెండు తీసుకుని, కొంత మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి గట్టిగా కట్టండి. నాలుగు వైపులా తాళ్లతో లాగి డాబా మీద నిలబెట్టి, కొసన ఒక డైపోల్‌ను (మధ్యలో కేబుల్ తగిలించిన తీగ యాంటెన్నా) తిరగేసిన వీ ఆకారంలో వేలాడదీయండి. పొడవు లెక్క తెలిసిందే: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో. 14.15కు పది మీటర్ల పది సెంటీమీటర్లు.

కోనసీమ వాళ్లకు ఈ ఖర్చూ లేదు, రెండు కొబ్బరిచెట్లు చాలు. దింపు తీసేవాళ్లు వచ్చినప్పుడు బతిమాలుకుని పైన కప్పీ కట్టించుకోండి. తీగను మాత్రం చెట్టుకు బిగించి కట్టకండి. చెట్టు ఊగితే తీగ తెగుతుంది. తాడు కప్పీ మీదుగా కిందికి తెచ్చి, చివర ఒక ఇటుకో, ఇసుక నింపిన సీసానో వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడల్లా ఇటుక లేస్తూ దిగుతూ ఉంటుంది, తీగ బిగువు మారదు.

నెల రోజులు ఇలా నడిపి, మళ్లీ నోటుబుక్కు రాయండి. తుఫాను హెచ్చరిక వస్తే అరగంటలో దించేయండి. దించడం తేలికని ఇప్పుడు గమనించండి, ఎందుకంటే టవర్‌కు ఈ సుఖం ఉండదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఇంటి దగ్గర ఎత్తు విలువ ఎంతో ఎవరినీ అడక్కుండా తెలుస్తుంది.

టవర్ లేకపోతే హామ్ కాదన్నట్టు మాట్లాడేవాళ్లు తగులుతారు. వాళ్ల కోసం ఒక్క మాట. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చిన రోజు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ నుంచి కబురు బయటికి మోసింది కొద్ది రోజుల కోసం హోటల్లో పెట్టుకున్న ఆ తాత్కాలిక స్టేషనే.

6. పడితే ఎక్కడ పడుతుంది?

ఇప్పటికీ టవర్ కావాలనిపిస్తే సుద్దముక్కా టేపూ పట్టుకుని డాబా ఎక్కండి. టవర్ అడుగు వచ్చేచోట నిలబడి, టవర్ ఎత్తుకు పైన ఉండే యాంటెన్నా పొడవు కలిపి, అంత దూరం నాలుగు వైపులా చూడండి. ఆ వృత్తంలో ఏమేం ఉన్నాయి? పక్కింటి పిల్లలు ఆడుకునే జాగా, బడి దారి, నీళ్ల ట్యాంకు, అన్నిటికంటే ముఖ్యంగా కరెంటు తీగలు.

11 కేవీ లైను ఆ వృత్తంలో ఉంటే ఇక్కడే ఆపేయండి. లెక్కలు, మినహాయింపులు, "జాగ్రత్తగా చేద్దాంలే" ఏవీ వద్దు. యాంటెన్నా మనుషులను చంపేది చాలాసార్లు నిలబెట్టేటప్పుడే, పైపు చేతిలో ఉండగా తూలి లైనుకు తగిలినప్పుడే. మన ఊళ్లలో ఈ లైన్లు బాల్కనీలకు చేరువగా పోతుంటాయి కాబట్టి, టవర్ ఆలోచన చాలా ఇళ్లకు ఈ ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోవాలి.

7. గాలి

కట్టడాలకు గాలి లెక్క చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో మూల గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకూ విజయవాడకూ 50. 50 అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే ఒత్తిడి వస్తుంది: చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, మన భాషలో 150 కిలోల బరువు. హైదరాబాద్‌లో అదే 118 కిలోల దగ్గర. వేగం రెట్టింపయితే తోపుడు నాలుగింతలవుతుంది, రెండింతలు కాదు.

మీ యాంటెన్నా గాలికి అడ్డుపడే వైశాల్యం అర చదరపు మీటరు అనుకోండి. విశాఖ లెక్కన 75 కిలోలు. 12 మీటర్ల పైపు కొసన 75 కిలోలు అడ్డంగా లాగితే, పైపు మొదట్లో దాన్ని వంచే బలం ఒక మీటరు కర్ర చివర 900 కిలోలు వేలాడదీసినంత. ఇందులో పైపు మీద పడే గాలి ఇంకా కలపలేదు.

నాకు ఈ లెక్క 2014 అక్టోబర్ 12న తెలిసింది, ఆలస్యంగా. డాబా మీద తొమ్మిది మీటర్ల పైపు నిలబెట్టినప్పుడు గై వైర్లు (పైపును చుట్టూ లాగి పట్టే ఇనుప వైర్లు) ఎక్కడ కట్టాలని అడిగితే, "పిట్టగోడకి కొక్కేలు దించేద్దాం సార్, ఏనుగు లాగినా కదలదు" అన్నాడు మేస్త్రీ. నాకూ సబబుగానే తోచింది. హుద్‌హుద్ తుఫాను గాలి గంటకు 170 కిలోమీటర్లు దాటింది. మధ్యాహ్నం కిటికీ సందులోంచి చూస్తుండగా కొక్కెం ఊడలేదు, వైరు తెగలేదు. కొక్కెంతో సహా నాలుగడుగుల గోడ ముక్క లేచి వచ్చేసింది. పైపు మోకాలి దగ్గర వంగినట్టు వంగి, పక్కింటి వాళ్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు మీద పడింది. ఊరంతా కరెంటు లేదు, మోటార్లు ఆడవు, ఆ ట్యాంకులో ఉన్న నీళ్లే వాళ్లకు దిక్కు. తర్వాత నాలుగు రోజులు మా బావమరిదీ నేనూ బకెట్లతో వాళ్లింటికి నీళ్లు మోశాం. ఆ ఇంటి పిన్నిగారు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కాబట్టి పిట్టగోడ యాంకర్ కాదు. అది మనుషులు పడిపోకుండా ఆపడానికి కట్టిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. గై వైరు పోవాల్సింది పిల్లర్‌లోకి, లేదా బీమ్‌లోకి. అడుగు నుంచి యాంకర్ల దూరం టవర్ ఎత్తులో 60 నుంచి 80 శాతం ఉండాలంటారు. మీ డాబా అంత వెడల్పు లేకపోతే గై వైర్ల టవర్ మీకు కుదరదు.

8. స్లాబు, నేల

మనుషులు తిరిగే డాబాకు ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువే లెక్కలోకి తీసుకుంటారు. టవర్ కాళ్లు స్లాబు మధ్యలో మోపకూడదు, కింద పిల్లర్ తల ఉన్నచోటే మోపాలి. ఇంటి ప్లాను బయటికి తీసి, స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి చూపించండి. మేస్త్రీ సలహా ఎంత దూరం పనిచేస్తుందో పైన చెప్పాను. బోల్టుల కోసం స్లాబుకు బెజ్జాలు పెడితే వానాకాలం పడకగదిలో చుక్కలు పడతాయి, ఇంట్లో ఆవిడతో ఆ గొడవ వేరే.

స్థలం ఉంటే నేల మీద వేయడమే మేలు. గై వైర్లు లేకుండా నిలబడే టవర్‌కు పునాది పెద్దది కావాలి. నాలుగడుగుల ఘనంలా పోస్తే కాంక్రీటే నాలుగు టన్నుల పైన బరువు. కర్నూలు, గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లో ఇంకా జాగ్రత్త పడాలి. ఎండకు నెర్రెలు బారుతుంది, వానకు ఉబ్బుతుంది, పునాదిని పక్కకు వంచేస్తుంది.

9. కాగితాలు

ముందు మీ లైసెన్సు తీసి చదవండి. స్టేషన్ చిరునామా అందులో ఉన్నదే అయి ఉండాలి. టవర్ మామగారి ఊళ్లో వేయాలనుకుంటే ఆ సంగతి ముందు లైసెన్సు ఇచ్చిన డబ్ల్యూపీసీ విభాగానికి రాయాలి. యాంటెన్నా ఎత్తు గురించిన షరతులు కూడా అక్కడే అడిగి, జవాబు రాతపూర్వకంగా ఉంచుకోండి.

విమానాశ్రయం దగ్గర్లో ఉంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారి రంగుల మ్యాపు చూడండి. మీ స్థలం ఏ రంగు గడిలో ఉందో, అక్కడ ఎంత ఎత్తు దాకా అనుమతి ఉందో అందులో ఉంటుంది. ఒక మెలిక: ఆ ఎత్తు నేల నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి. హైదరాబాద్ నేలే సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంటుంది కాబట్టి మీ స్థలం ఎత్తు తీసేసి చూసుకోవాలి. విశాఖలో ఐఎన్‌ఎస్ డేగా విమాన స్థావరం నౌకాదళానిది, హైదరాబాద్ పక్కన హకీంపేట, దుండిగల్ వైమానిక దళానివి. వాటి చుట్టుపక్కల అయితే అనుమతి రక్షణ శాఖ వైపు నుంచి రావాలి.

మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగానికి కూడా ఒక దరఖాస్తు పెట్టి రసీదు ఉంచుకోండి. అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ అందరిదీ. పై అంతస్తులో ఉన్నంత మాత్రాన మీది అయిపోదు. అసోసియేషన్ మీటింగులో తీర్మానం రాయించుకోండి. సెక్రటరీ గారు లిఫ్ట్ దగ్గర తల ఊపడం తీర్మానం కాదు. సెక్రటరీ మారతాడు.

10. పక్కింటివాళ్లు

పైపులు దిగకముందే వెళ్లండి. లారీ వచ్చాక వెళ్తే "ఏవండీ, సెల్ టవరా? అద్దె ఎంతిస్తున్నారు?" దగ్గర మొదలై, రేడియేషన్ దగ్గర తేలుతుంది. సెట్టు చూపించండి. సెల్ టవర్ రోజంతా ప్రసారం చేస్తుందనీ, మీరు మీట నొక్కి మాట్లాడినంతసేపే ప్రసారం అనీ చెప్పండి. టీవీలో గీతలు వస్తే, స్పీకర్లలో మీ గొంతు వినపడితే ఫోన్ చేయమని నంబరు ఇవ్వండి. చేసినప్పుడు వెళ్లి, వైర్లలోకి మీ సిగ్నల్ చొరబడకుండా ఆపే ఫెర్రైట్ రింగులు మీ ఖర్చుతో వేయండి. పండక్కి అరిసెలు పంపే ఇళ్లైతే టవర్‌కు సగం అనుమతి వచ్చినట్టే.

11. పిడుగు, కోతులు, గాలిపటాలు

టవర్ వేశాక ఊళ్లో ఎత్తైన ఇనుము మీదే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలవగానే గుర్తుకొచ్చేది అదే. బొగ్గూ ఉప్పూ వేసిన ఎర్త్ గొయ్యి టవర్ మొదట్లోనే తవ్వించి, దాన్నీ ఇంటి ఎర్త్‌నూ లావాటి రాగి పట్టీతో కలపాలి. రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉంటే పిడుగు ఒకదాని నుంచి ఇంకోదానికి మీ సెట్టు గుండా పోతుంది. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట, పిడుగు కరెంటును ఎర్త్‌కు మళ్లించే అరెస్టర్ ఉండాలి, కానీ నేరుగా పడ్డ పిడుగును అదేమీ ఆపదు. మబ్బు పట్టినప్పుడల్లా కేబుల్ ఊడదీసి బయట పడేయాలి. మీరు ఊళ్లో లేని రోజు ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే ఆలోచించండి. మా ఇంట్లో అది మా అమ్మాయి నేర్చుకుంది.

కోతులున్న ఊరైతే సన్నటి యాంటెన్నాలు నెల తిరక్కుండా వంకరవుతాయి. సంక్రాంతికి మాంజా చుట్టుకుంటుంది, దాన్ని తీయడానికి పిల్లలు గోడలెక్కుతారు, ఇది నవ్వులాట కాదు. టవర్ కింది ఎనిమిది అడుగులు ఎక్కడానికి వీల్లేకుండా రేకు చుట్టండి. సముద్రం పక్కన జీఐ బోల్టులు కూడా తుప్పు పట్టి, విప్పబోతే విరిగిపోతాయి. స్టెయిన్‌లెస్ వేసుకోండి.

12. పైకి ఎక్కేది ఎవరు?

యాంటెన్నాను తిప్పే మోటారు, అంటే రోటర్, పాడయ్యేది జూలై వానలోనే. కేబుల్ యాంటెన్నాను కలిసేచోట ఉండే డబ్బీ, అంటే బాలున్‌లో నీళ్లు దిగేది కాంటెస్టుకు ముందు రోజే. అప్పుడు ఎక్కాల్సింది మీరు. ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు కొక్కేల తాళ్లు ఉండాలి. ఒకటి విప్పే ముందు రెండోది తగిలించి ఉండాలి, కింద ఒక మనిషి ఉండాలి. కేబుల్ టీవీ కుర్రాడిని నాలుగు వందలిచ్చి ఎక్కించే పని మాత్రం చేయకండి.

ఇప్పుడు మీకు 40 ఏళ్లనుకోండి. టవర్ 25 ఏళ్లుంటుంది. 65వ ఏట ఎక్కగలరా? ఎక్కలేననుకుంటే కిందికి వాల్చుకునే మాస్టు గురించి ఆలోచించండి. మొదట్లో ఒక కీలు, లాగడానికి ఒక వించ్ ఉంటాయి. కాస్త ఖర్చెక్కువ, ఎత్తు తక్కువ. కానీ తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం పడుకోబెట్టేయవచ్చు. హుద్‌హుద్ తర్వాత నేను వేసుకున్నది అదే: రెండు అంగుళాల మీడియం పైపు, ఒక పొడవుకు 30 కిలోలు, కీలు మొదలు పిల్లర్ మీద, గై వైర్లు బీముల్లోకి.

13. ఇక తేల్చండి

40 మీటర్ల బ్యాండులోనో, 20లోనో దూరదేశాలే లోకంగా బతికేవాళ్లకు, కాంటెస్టులు ఆడేవాళ్లకు, కరెంటు తీగలు దూరంగా ఉండి సొంత నేల ఉన్నవాళ్లకు, సరుగుడు గడ పరీక్షలో తేడా కళ్లారా చూసినవాళ్లకు టవర్ సరే. ఈ నాలుగూ ఉంటే భయపడకండి, వేసేయండి. ఒకటి తగ్గినా ముందు వాలే మాస్టు. అద్దె ఇల్లయితే, ఉద్యోగం మూడేళ్లకోసారి బదిలీ అయ్యేదైతే అదీ వద్దు, తీగ యాంటెన్నాలే మంచివి.

10, 15 మీటర్ల బ్యాండుల కోసమే టవర్ అనుకునేవాళ్లు సూర్యుణ్ని కూడా లెక్కలోకి తీసుకోండి. సూర్యుడి చురుకుదనంతో పాటే ఈ బ్యాండులూ పెరిగి తగ్గుతాయి. ఇప్పుడు నడుస్తున్న 25వ సౌరచక్రం 2019 డిసెంబర్‌లో మొదలైంది, గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబర్‌లో అమెరికా సంస్థలు నాసా, నోవా ప్రకటించాయి. చక్రం సుమారు 11 ఏళ్లు. అంటే ముందున్నవి ఆ బ్యాండులు తగ్గే రోజులు. అనుమతులు, పునాది, పెయింటు అన్నీ అయ్యేసరికి 28 మెగాహెర్ట్జ్, అంటే 10 మీటర్ల బ్యాండు, నిద్రపోతూ ఉండవచ్చు.

డబ్బు లెక్కలో టవర్ ధర ఒక్కటే రాయకండి. ఇంజినీరు ఫీజు, పునాది, ఎర్త్ గొయ్యి, కేబుల్, హార్నెస్, ఏడాదికోసారి గై వైర్ల తనిఖీ, రెండేళ్లకోసారి పెయింటు, చివర్లో దించే ఖర్చు అన్నీ రాయండి. దించే ఖర్చు ఎవరూ రాయరు.

వేయాలనే తేలితే, మొదట కొనాల్సింది టవర్ కాదు, రాగి పట్టీ. ఎర్త్ గొయ్యి ముందు, ఇనుము తర్వాత. ముహూర్తం విషయానికొస్తే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫానుల కాలం, ఏప్రిల్ నుంచి పిడుగులు. సంక్రాంతి గాలిపటాలు కూడా దిగిపోయాక, ఫిబ్రవరిలో ఎండ ఎక్కకముందు, గాలి లేని ఒక ఆదివారం చూసుకోండి.